నవీకరణ తరువాత స్మార్ట్‌ఫోను బ్యాటరీ తరుగుదల

స్మార్ట్‌ఫోనులోని ఆపరేటింగ్ సిస్టమును కొత్త కూర్పునకు మార్చిన తరువాత, బ్యాటరీలోని ఛార్జి అంతకు ముందుకంటె త్వరగా అయిపోవుటను నవీకరణానంతర బ్యాటరీ తరుగుదల అంటారు. ఆండ్రాయిడ్, ఐఓఎస్ అను రెండు ప్రధాన ఆపరేటింగ్ సిస్టములలోను ఇది కనిపించును. చాలా సందర్భాలలో ఇది రెండు మూడు రోజులలో తనంతట తానే సర్దుకొనే తాత్కాలిక స్థితి. కొన్ని సందర్భాలలో మాత్రము సాఫ్టువేరులోని దోషము వలన గాని, బ్యాటరీ పాతబడుట వలన గాని కలుగును. టిక్కెట్టు, గుర్తింపు పత్రము, డబ్బు చెల్లింపు, ప్రయాణ వాహనము అన్నీ ఫోనుపైనే ఆధారపడిన శంషాబాదు వంటి విమానాశ్రయ ప్రాంతాలలో ఈ సమస్య ప్రభావము ఎక్కువ.

శంషాబాదు ప్రాంతములో ప్రాముఖ్యత

రంగారెడ్డి జిల్లా శంషాబాదులో ఉన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము 2008 మార్చి 14న ప్రారంభించబడినది. అదే సంవత్సరము మార్చి 23 నుండి బేగంపేట విమానాశ్రయమునకు బదులుగా ఇక్కడ నుండి వాణిజ్య విమానాలు నడచుచున్నవి. 2023-24 ఆర్థిక సంవత్సరములో సుమారు రెండున్నర కోట్ల మంది ప్రయాణికులు ఈ విమానాశ్రయమును ఉపయోగించుకొన్నారు.

విమానాశ్రయము తెరచిన నాటికి ప్రయాణికుని చేతిలో కాగితపు టిక్కెట్టు ముద్రణ, గుర్తింపు కార్డు ఉండేవి. తరువాతి కాలములో ఇవి ఒక్కొక్కటిగా ఫోనులోనికి చేరినవి. 2017లో పౌర విమానయాన భద్రతా విభాగము ఫోనులోని ఎం-ఆధార్‌ను గుర్తింపు పత్రముగా అనుమతించినది. 2019 జూలైలో ముఖమును గుర్తించే పద్ధతిని ఈ విమానాశ్రయములో ప్రయోగాత్మకముగా పరీక్షించారు. 2023లో డిజియాత్ర ఇక్కడ అమలులోనికి వచ్చినది. డిజియాత్రలో ప్రయాణికుని వివరాలు అతని ఫోనులోనే భద్రపరచబడును. ప్రయాణమునకు ముందు బోర్డింగు పాసును ఆ యాప్‌లో చేర్చి విమానాశ్రయమునకు పంపవలెను. ఈ పని పూర్తి కాక మునుపే ఫోను ఆగిపోయినచో ఆ వరుసలో వెళ్ళుటకు వీలుండదు. అయితే డిజియాత్ర ఐచ్ఛికము. ముద్రించిన బోర్డింగు పాసు, అసలు గుర్తింపు కార్డు చూపి మామూలు వరుసలో వెళ్ళవచ్చును.

ప్రయాణికులకంటె ఈ సమస్య వలన ఎక్కువ నష్టపోగలవారు విమానాశ్రయపు క్యాబ్ డ్రైవర్లు. యాప్ ద్వారా బేరము వచ్చే క్యాబ్‌లలో డ్రైవరు పార్కింగులో ఎదురు చూచునంతసేపు ఫోను తెర వెలుగుచుండవలెను, జీపీఎస్ పనిచేయుచుండవలెను, ఇంటర్నెట్టు తెగకుండ ఉండవలెను. ఫోనులో ఎక్కువ ఛార్జి తినే పనులు ఈ మూడే. ఫోను ఆగినచో బేరము పోవును. కారు ఇంజను ఆపి గంటల తరబడి వేచి ఉండువారికి కారులోని ఛార్జరు కూడ అన్ని వేళల ఉపయోగపడదు.

కారణాలు

తాత్కాలిక కారణాలు

నవీకరణ పూర్తి అయినదని తెరపై కనిపించిన తరువాత కూడ ఫోను లోపల పని సాగుచునే ఉండును. వెదకుటకు వీలుగా ఫైళ్ళకు, సందేశాలకు కొత్త సూచిక తయారగును. ఫోటోలలోని ముఖాలు, స్థలాలు తిరిగి విశ్లేషించబడును. ఆండ్రాయిడ్‌లో యాప్‌లన్నీ కొత్త కూర్పునకు తగినట్లు మరల అనువదించబడును. అదే సమయములో పదుల కొద్ది యాప్‌లు తమ సొంత నవీకరణలను దింపుకొనుచుండును. వేలాది ఫోటోలు ఉన్న ఫోనులో ఈ పనులు ఎక్కువ కాలము పట్టును. ఆ రోజులలో ఫోను వెచ్చబడుట కూడ సహజము.

పెద్ద నవీకరణ జరిగిన వెంటనే బ్యాటరీ మన్నికపైనను, ఫోను వేడిపైనను తాత్కాలిక ప్రభావము ఉండవచ్చునని ఐఓఎస్ 26 విడుదలైన 2025 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన సహాయ పుటలో స్వయముగా పేర్కొన్నది.

కొనసాగే కారణాలు

వారము గడచినను తరుగుదల తగ్గనిచో ఈ క్రింది కారణాలలో ఏదో ఒకటి ఉండవచ్చును.
* కొత్త కూర్పునకు అనుగుణముగా మార్చబడని పాత యాప్ ఫోనును నిద్రపోనీయక పోవుట.
* నవీకరణలో కొన్ని అమరికలు మారి, స్థాన సమాచారము, నేపథ్య సమాచార మార్పిడి వంటివి తిరిగి మొదలగుట.
* కొత్త దృశ్య హంగులు పాత ప్రాసెసరుకు భారమగుట.
* ఆపరేటింగ్ సిస్టములోనే దోషము ఉండుట.
* ఆపరేటింగ్ సిస్టముతో పాటు మారిన మోడెము సాఫ్టువేరు సరిగా పనిచేయక పోవుట.

చివరి కారణము విమానాశ్రయ పరిసరాలలో గమనింపదగినది. సంకేతము బలహీనముగా ఉన్నచోట ఫోను ఎక్కువ శక్తితో ప్రసారము చేయవలసి వచ్చును. 4జి, 5జి ల మధ్య మాటిమాటికి మారుట వలన కూడ ఛార్జి ఖర్చగును. విమానాల ఎత్తును కొలిచే రేడియో పరికరాలకు అంతరాయము కలుగకుండ, రన్‌వే రెండు చివరల నుండి 2,100 మీటర్లు, మధ్య రేఖ నుండి 910 మీటర్ల పరిధిలో 3.3 గిగాహెర్ట్జ్ శ్రేణి 5జి కేంద్రాలను నెలకొల్పరాదని 2022 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కంపెనీలకు సూచించినది. కావున ఒకే ఫోను ఇంటి వద్ద ఒక విధముగాను, విమానాశ్రయము వద్ద మరొక విధముగాను ఛార్జి ఖర్చు చేయుట అసాధ్యము కాదు.

తరుగుదల, క్షీణత

ఈ రెండింటిని వేరుగా గుర్తించవలెను. ఛార్జి త్వరగా ఖర్చగుట తరుగుదల. బ్యాటరీలో పట్టే ఛార్జి పరిమాణమే తగ్గిపోవుట క్షీణత. సాఫ్టువేరు వలన కలిగేది సాధారణముగా మొదటిది. రెండవది రసాయనిక మార్పు, దానిని ఏ నవీకరణయు వెనుకకు త్రిప్పలేదు.

లిథియం అయాను బ్యాటరీ వయసుతో పాటు క్షీణించును. ఐఫోను 14, అంతకు ముందటి నమూనాల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జి ఆవృత్తుల తరువాత 80 శాతము సామర్థ్యమును నిలుపుకొనునట్లును, ఐఫోను 15 నమూనాలవి 1,000 ఆవృత్తుల తరువాత అంతే నిలుపుకొనునట్లును రూపొందించినట్లు ఆపిల్ తెలిపినది. బ్యాటరీకి ప్రధాన శత్రువు వేడి. ఐఫోనును 35 డిగ్రీల సెల్సియస్ లోపు వాడవలెనని అదే సంస్థ సూచన. హైదరాబాదు పరిసరాలలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలను చేరును. ఎండలో నిలిపిన కారులో వేడి ఇంకను ఎక్కువ. అద్దము వద్ద బిగించి, నావిగేషను నడుపుచు, ఛార్జి ఎక్కించే ఫోను మూడు వైపుల నుండి వేడెక్కును.

పాతబడిన బ్యాటరీ ఉన్న ఫోనులో నవీకరణ జరిగినప్పుడు, అదనపు భారము వలన అప్పటివరకు కనబడని క్షీణత బయటపడును. అందువలన వాడుకరి నవీకరణయే బ్యాటరీని పాడుచేసినదని భావించుట కద్దు.

ముఖ్య సంఘటనలు

2011 అక్టోబరులో విడుదలైన ఐఓఎస్ 5 లో బ్యాటరీకి సంబంధించిన దోషాలు ఉన్నట్లు ఆపిల్ అంగీకరించినది. వాటిని సవరించుచు నవంబరు 10న 5.0.1 కూర్పు వెలువడినది.

2015లో విడుదలైన ఆండ్రాయిడ్ 6 లో వాడని ఫోనును గాఢ నిద్రలోనికి పంపే డోజ్ అను పద్ధతి వచ్చినది. 2018లో ఆండ్రాయిడ్ 9 తో వచ్చిన అడాప్టివ్ బ్యాటరీ, అరుదుగా వాడే యాప్‌లకు నేపథ్యములో పనిచేసే అవకాశమును తగ్గించినది. అలవాట్లను నేర్చుకొనే ఇటువంటి పద్ధతులకు కొంత కాలము అవసరము.

2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1, పాత బ్యాటరీలున్న ఐఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండ వాటి వేగమును తగ్గించినది. ఈ సంగతి వాడుకరులకు స్పష్టముగా చెప్పబడలేదు. 2017 డిసెంబరులో ప్రైమేట్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పూల్ వేగ పరీక్షల ఫలితాలను ప్రకటించిన తరువాత ఆపిల్ దీనిని ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. బ్యాటరీ మార్పిడి ధరను తగ్గించి, 2018 మార్చిలో ఐఓఎస్ 11.3 ద్వారా బ్యాటరీ ఆరోగ్యమును చూచుకొనే వీలు కల్పించినది. 2020లో ఫ్రాన్సు దేశము ఈ విషయములో రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించినది.

2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ, పాత ఫోనుల పనితీరును దెబ్బతీసిన నవీకరణలకు గాను ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా విధించినది.

2025 జనవరిలో గూగుల్ సంస్థ పిక్సెల్ 4ఏ ఫోనులకు పంపిన నవీకరణ, కొన్ని ఫోనులలో బ్యాటరీ నుండి వాడుకొనగల ఛార్జిని తగ్గించినది. అందుకు పరిహారముగా ఉచిత బ్యాటరీ మార్పిడి వంటి సదుపాయాలను ఆ సంస్థ ప్రకటించినది.

భారతదేశములో వాడుకరుల హక్కులు

ఐఓఎస్ 18 నవీకరణ తరువాత ఫోనుల పనితీరులో లోపాలు వచ్చినవని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫిర్యాదులు అందగా, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆపిల్‌కు నోటీసు ఇచ్చినట్లు 2025 జనవరి 23న కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషి ప్రకటించారు.

సహాయ కేంద్రమునకు 1915 అను నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము వినియోగదారుడు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. కావున శంషాబాదు వాసి ఫోనును ఎక్కడ కొన్నను రంగారెడ్డి జిల్లా కమిషనును ఆశ్రయించవచ్చును. సమస్య తలెత్తిన నాటి నుండి రెండు సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయవలెను.

ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోనికి వచ్చిన నియమాల ప్రకారము ఫోను బ్యాటరీ 800 ఆవృత్తుల తరువాత కూడ 80 శాతము సామర్థ్యమును కలిగి ఉండవలెను.

జాగ్రత్తలు

* ప్రయాణమునకు ముందు రోజున పెద్ద నవీకరణ చేయకుండుట మంచిది. ఇంటి వద్ద, వై-ఫై ఉన్నప్పుడు, ఫోనును ఛార్జరుకు తగిలించి రాత్రి వేళ చేసినచో లోపలి పనులు త్వరగా ముగియును.
* నవీకరణను శాశ్వతముగా మానుట సరికాదు. భద్రతా లోపాల సవరణలు అందులోనే ఉండును, బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోనుకు అవి అవసరము.
* రెండు మూడు రోజులు వేచి, తరువాత అమరికలలోని బ్యాటరీ విభాగములో ఏ యాప్ ఎంత ఖర్చు చేసినదో చూడవలెను. యాప్‌లను నవీకరించి, ఫోనును ఒకసారి ఆపి మరల తెరువవలెను.
* యాప్‌లను మాటిమాటికి బలవంతముగా మూయుట వలన లాభము తక్కువ. మూసిన యాప్‌ను తిరిగి తెరచుటకే ఎక్కువ ఛార్జి ఖర్చు కావచ్చును.
* ఫోనులోని సమస్తమును చెరిపి తిరిగి మొదలుపెట్టుట చివరి ప్రయత్నముగా మాత్రమే, సమాచారమునకు నకలు తీసిన తరువాతనే చేయవలెను.
* బ్యాటరీ మార్చవలసి వచ్చినచో భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, ఐఎస్ 16046 సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను.
* విమాన ప్రయాణములో పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచవలెను, చెక్-ఇన్ సామానులో పెట్టరాదు. 100 వాట్-గంటల వరకు ప్రత్యేక అనుమతి అవసరము లేదు. 20,000 మిల్లీ ఆంపియర్-గంటల పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-గంటలు.
* బోర్డింగు పాసు ముద్రణను, అసలు గుర్తింపు కార్డును వెంట ఉంచుకొనుట ఉత్తమము.

హైదరాబాదులో బ్యాటరీ పరిశోధన

విమానాశ్రయమునకు సమీపములోని బాలాపూరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖకు చెందిన ఏఆర్‌సీఐ అను పరిశోధనా సంస్థ ఉన్నది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు వంటి బ్యాటరీ పదార్థాల తయారీపై ఇచ్చట పరిశోధన జరుగుచున్నది. అమర రాజా సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీ కర్మాగారమునకు 2023 మేలో శంకుస్థాపన చేసినది. ఈ రెండింటిలోను ప్రధాన దృష్టి విద్యుత్ వాహనాలపై ఉన్నది.

ఇవి కూడా చూడండి

* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము
* శంషాబాదు
* లిథియం అయాను బ్యాటరీ
* ఆండ్రాయిడ్
* వినియోగదారుల రక్షణ చట్టము