బ్యాటరీ తుక్కు: చట్టం లెక్కలోకి రాని శ్రమ

లిథియం బ్యాటరీల రీసైక్లింగ్ గురించి రాసేవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచే కథ మొదలుపెడతారు. ఆ గేటు దాకా తుక్కు ఎట్లా వచ్చింది? ఎవరు ఏరారు, ఎవరు మోశారు? ఈ చరిత్రను మేము అక్కణ్ణుంచి చూడాలనుకుంటున్నాం.

1991లో సోనీ కంపెనీ ఈ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. పేరు లిథియందే గానీ తుక్కుకు ధర తెచ్చింది కోబాల్టు. సెల్‌ఫోన్లలో వాడుతూ వచ్చిన లిథియం కోబాల్టు ఆక్సైడులో బరువు లెక్కన కోబాల్టు 60 శాతం, లిథియం 7 శాతమే. బ్యాటరీని నలగ్గొట్టగా వచ్చే నల్లపొడిని ఆమ్లంలో కరిగించి ఈ లోహాల్ని తీస్తారు. ఏరినవాళ్ళకు మాత్రం దక్కేది పాతసామాన్ల కొట్టువాడు తూకమేసి ఇచ్చిందే.

ఈ పనిలో ఉన్నది ఎక్కువగా దళితులు, పేద ముస్లింలు. ఢిల్లీ సీలంపూర్‌లో పాత కంప్యూటర్లు, ఫోన్లు విప్పే పని ఏళ్ళ తరబడి చిన్న చిన్న గదుల్లోనే నడుస్తోంది. చార్జి మిగిలిన బ్యాటరీకి మేకు దిగితే భగ్గుమంటుంది. ఇంత ప్రమాదాన్ని పెద్దమనుషులు 'అసంఘటిత రంగం' అనే ఒక్క మాటలో సర్దేస్తారు.

2001 నాటి బ్యాటరీ నిబంధనలు సీసం బ్యాటరీలకే పరిమితం. లిథియం బ్యాటరీలు కూడా చేరిన నిబంధనలు 2022 ఆగస్టులో గానీ రాలేదు. వీటి ప్రకారం బ్యాటరీని అమ్మిన ఉత్పత్తిదారుడే పాతవాటి బాధ్యత మొయ్యాలి. రీసైక్లరు చేసిన పనికి సర్టిఫికెట్ పుడుతుంది, ఉత్పత్తిదారుడు దాన్ని కొంటాడు. సూత్రం మంచిదే. బస్సుల్లో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో కోబాల్టూ లేదు, నికెలూ లేదు. లోహం అమ్మితే ఖర్చులు రావడం కష్టం, కాబట్టి సర్టిఫికెట్ డబ్బు కావాల్సిందే. మేము కాదనం. కానీ ఆ డబ్బు రిజిస్టరైన రీసైక్లరుకు చేరుతుంది. వీధిలో ఏరిన ఆమె చేతికి అందులో ఎంత రావాలో నిబంధనల్లో ఎక్కడా రాయలేదు.

2025 సెప్టెంబరులో కేంద్రం రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ఆమోదించింది. మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకేనన్నారు. చిన్న సంస్థ పెట్టాలన్నా స్థలం కావాలి, యంత్రం కావాలి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. మా వాడల్లో ఎవరికున్నాయి అవి?

మేమడిగేది కొత్తదేమీ కాదు. 2016 నాటి ఇ-వేస్ట్ నిబంధనలు ఈ కార్మికుల్ని గుర్తించి, రిజిస్టరు చేసి, సంఘాలుగా ఏర్పడటానికి సాయపడే బాధ్యతను రాష్ట్ర కార్మిక శాఖ మీద పెట్టాయి. బ్యాటరీల విషయంలోనూ అట్లాంటి సంఘాలకు సర్టిఫికెట్ ధరలో వాటా ఉండాలి. అది ఎంతో నిబంధనల్లోనే అంకె వేసి రాయాలి.