కాలదోషము పట్టిన ఋణము: ‘సవా సేర్ గేహూఁ’ కథలో నమ్మికయు వంచనయు

గ్రామజీవనమును చిత్రించు కథానికలలో వంచన తరచుగా కానవచ్చు ఇతివృత్తము. అమాయకుడైన రైతు నమ్ముట, నమ్మినవానిచే మోసపోవుట, తుదకు నశించుట, ఇట్టి మూడంచెల నిర్మాణము మనకు సుపరిచితమే. అయితే వంచకుడు అసత్యమాడుటచేతనే వంచన సిద్ధించునని తలచుట సమంజసము కాదు. ప్రేమచందు (1880-1936) 1924లో ప్రకటించిన ‘సవా సేర్ గేహూఁ’ కథ ఇందులకు నిదర్శనము. అందలి ఋణదాత గోధుమలిచ్చిన మాట నిజము. బాకీ అని పేరుపెట్టి అవి తిరిగి చెల్లింపబడని మాటయు నిజమే. మూలమున అసత్యము లేనిచోట వంచన యెట్లు కలిగినది? ఆనాటి ఋణశాసనముల చరిత్రను ప్రక్కన నుంచుకొని కథను చదివినచో ఈ ప్రశ్నకు సమాధానము లభించును.

కథ సుప్రసిద్ధమే యైనను, చర్చకు వలసినంతమట్టుకు స్మరింతము. శంకరుడు కుర్మీ కులజుడైన పేదరైతు. ఒకనాటి సాయంకాలము ఒక సాధువు అతని వాకిటికి వచ్చెను. ఇంట యవలపిండి తప్ప వేరొండు లేదు. మహాత్మునకు అది యెట్లు పెట్టుటయని శంకరుడు గ్రామమందలి విప్రుని యింటికి పోయి, ఒకటింబావు సేరు గోధుమలు బదులు తెచ్చి అతిథిని తృప్తుని గావించెను. ఆ విప్రుడు ఏటేట కళ్లము కడ రైతులనుండి ధాన్యము గ్రహించువాడు. దీనినే అచట ‘ఖలిహానీ’ యందురు. మన పల్లెలలో కళ్లము కడ కొలిచి యిచ్చు మేర వంటిది. ఆ సవా సేరును వేరుగా కొలిచి యిచ్చుటకంటె ఖలిహానీనే హెచ్చుగా నిచ్చుట మర్యాదయని యెంచి, శంకరుడు చైత్రమాసమున సుమారు ఒకటిన్నర పంసేరీ గోధుమలు కొలిచి, ఋణము తీరెనని తలచెను. ఏడేండ్లు గడచినవి. విప్రుడు వడ్డీ వ్యాపారి యయ్యెను. శంకరుడు తమ్మునితో వేరుపడి, రైతుతనము పోగొట్టుకొని కూలివాడయ్యెను. అపుడు విప్రుడు వానిని నిలిపి, అయిదున్నర మణుగుల గోధుమలు బాకీ యున్నవనెను.

ఇచట లెక్కను కొంచెము పరికింపవలెను. ఔత్తరాహుల మణుగునకు 40 సేర్లు. అయిదున్నర మణుగులనగా 220 సేర్లు. ఇచ్చినది 1¼ సేరు. అడిగినది దానికి 176 రెట్లు. ఏటేట అసలు రెట్టింపగునట్లు కట్టినను ఏడేండ్లకు 160 సేర్లే యగును. కనుక ఈ లెక్క సామాన్యమైన ఏ వడ్డీరేటునకును లొంగునది కాదు. ఇక శంకరుడు కళ్లము కడ ఇచ్చినదో, పంసేరీ అయిదు సేర్లగుటచే, ఏడున్నర సేర్లు; తెచ్చినదానికి ఆరు రెట్లు. ఇందు మామూలు మేర కొంత యున్నను, మిగిలినది ఋణమునకు చాలినదే యని శంకరుని తలంపు. ఆ తలంపును అతడు నోరు విప్పి చెప్పలేదు. విప్రుడు దానిని దానముగా గ్రహించెను గాని చెల్లింపుగా జమకట్టలేదు. ఒకే ధాన్యరాశి ఇచ్చువాని మనస్సున ఋణవిముక్తి, పుచ్చుకొన్నవాని పుస్తకమున శూన్యము. వంచనకు బీజము ఈ మౌనమున నున్నది.

మాటకును పత్రమునకును గల ఈ వైరము కథకుని కల్పన కాదు. 1859 నాటి కాలపరిమితి చట్టము ఋణగ్రస్తునకు రక్షణగా ఉద్దేశింపబడినది. కాని మూడేండ్ల గడువు ముగియకుండ షావుకార్లు వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రములు వ్రాయించుకొనసాగిరి. రక్షణయే ఉరిత్రాడైనది. 1875 మే 12న పుణె జిల్లాలోని సూపా గ్రామమున రైతులు వడ్డీవ్యాపారులపై తిరుగబడిరి. ఆ కల్లోలమున వారు ముఖ్యముగా వెదకి కాల్చినవి ఋణపత్రములు. తమకు శత్రువు కాగితమని వారు గుర్తించిరన్నమాట. 1879 నాటి దక్కను కర్షక సహాయ చట్టము, పత్రమును దాటి వెనుకటి వ్యవహారమును విచారించుటకు న్యాయస్థానముల కధికార మొసగినది.

ఇపుడు శంకరుని కథకు మరలుదము. 1908 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము నోటిమాటపై నిచ్చిన అప్పునకు సామాన్యముగా మూడేండ్లే గడువు. ఏడేండ్లనాటి గోధుమల బాకీకి కాలదోషము పట్టినది. విప్రుడు కచేరికెక్కినను దావా నిలువదు. అందుచే అతడు కచేరి మాట యెత్తక పరలోకము మాట యెత్తెను. ఈ లోకమున చెల్లింపకున్న నేమి, పైలోకమున చెల్లింపవలసివచ్చునని బెదరించెను. బ్రాహ్మణఋణము నరకహేతువని శంకరుడు గడగడ వణకెను. ధర రూ. 60గా కట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీతో దస్తావేజు వ్రాయబడెను. స్టాంపు ఖర్చును, వ్రాతకూలియు శంకరునిపైననే పడినవి.

ఆ దస్తావేజే కథకు కీలకము. 1872 నాటి ఒప్పందముల చట్టము 25వ విభాగము ననుసరించి, కాలదోషము పట్టిన ఋణమును సయితము చెల్లింతునని ఋణస్థుడు వ్రాతపూర్వకముగా చేవ్రాలు చేసినచో, ఆ ఒప్పందము చెల్లును. అనగా చచ్చిన ఋణము శంకరుని చేతిమీదుగానే బ్రదికినది. పరలోకభయముచే పుట్టిన పత్రము ఇహలోకమున చెల్లుబాటయ్యెను. ఆ చట్టమందే అనుచిత ప్రభావమునకు లోనై చేసిన ఒప్పందమును రద్దుపరచుకొను హక్కు కలదు. 1918 నాటి అధికవడ్డీ చట్టమును కలదు. కాని భయపెట్టినవానినే ధర్మమునకు ప్రమాణముగా నమ్మినవాడు ఈ హక్కుల నెట్లు వినియోగించుకొనగలడు?

శంకరుని పతనమునకు వాని మూఢవిశ్వాసమే కారణమని కొందరు వాదింపవచ్చును. ఈ వాదము సగమే సత్యము. పత్రము వ్రాసిన పిమ్మట అతడు కడుపు కట్టుకొని యేడాదిలో 60 రూపాయలు కూడబెట్టి విప్రుని ముందుంచెను. వడ్డీ 15 రూపాయలు నిలువయున్నదని విప్రుడనగా, ఆ పదునైదు రూపాయలకై ఊరెల్ల తిరిగెను. విప్రుని వేటను తప్పించుటకు జంకి ఎవ్వరును అప్పీయరైరి. కనుక అపాత్రమున ఉంచబడిన నమ్మిక విప్రునియందుంచినది మాత్రమే కాదు. తాను న్యాయముగా నడచినచో ఊరు తన పక్షమున నిలుచునను నమ్మికయు వమ్మయినది. తుదకు బాకీ 120 రూపాయలై, వడ్డీక్రింద ఇరువదియేండ్లు చాకిరిచేసి శంకరుడు మరణించెను. అసలు అట్లే యుండెను, కుమారుడు పట్టుబడెను.

తెలుగునాట ఇట్టి ఋణదాస్యము పరాయిది కాదు. నిర్బంధ చాకిరిని రద్దుపరచిన 1976 నాటి చట్టము, అట్టి పద్ధతుల పేర్లను లెక్కించుచు ‘పాలేరు’, ‘వెట్టి’ అను మాటలనుగూడ చేర్చినది. కాళీపట్నం రామారావు (1924-2021) ‘యజ్ఞం’ కథ ఈ విషయమునే మరియొక మెట్టునకు కొనిపోయినది. అందు పరలోకభయము లేదు. దాని స్థానమున గ్రామపెద్దల ధర్మనిర్ణయము నిలిచినది. అప్పల్రాముడు ఆ తీర్పునకు తలయొగ్గును. కుమారుడు సీతారాముడు తన సంతానము బానిసత్వమున బ్రదుకరాదని స్వయముగా బిడ్డను చంపును. శంకరుని కుమారుడు మౌనముగా స్వీకరించిన వారసత్వమును సీతారాముడు దారుణముగా నిరాకరించెను.

కావున ఈ కథలను ‘మోసగాడు - అమాయకుడు’ అను చట్రమున బంధించుట చాలదు. మోసమునకు వలసిన సాధనములు, అనగా లెక్కపుస్తకము, దస్తావేజు, ధర్మభీతి, ఊరి మౌనము, ఇవియన్నియు వంచకునికంటె ముందే సిద్ధముగా నున్నవి. ప్రేమచందు కథాంతమున దీనిని కల్పితముగా తలపవలదని పాఠకుని హెచ్చరించెను. కథను శాసనచరిత్రతో కలిపి చదివినచో ఆ హెచ్చరిక అలంకారము కాదని స్పష్టపడును. గ్రామకథలను పరిశోధించువారు పాత్రల స్వభావముతోపాటు వారు చేవ్రాలు చేసిన కాగితములనుగూడ పరిశీలించుట అవసరమని నా మనవి.