పేరుచీటిపై ఇంటిపేరు

మనుష్యునికంటె ముందుగా అతని పేరు గృహమున ప్రవేశించుట ఐరోపీయుల మర్యాద. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట దర్శనార్థము పోవువారు తమ పేరుగల చీటిని సేవకునిచేత లోనికి పంపుచుండిరి. లండను వర్తకులు అంగడి విలాసమును, సరకుల వివరమును చీట్లపై అచ్చొత్తించుట అంతకు ముందునుండియే కలదు. ఈ రెంటి కలయికయే నేటి విజిటింగు కార్డు. దొరతనముతోపాటు ఆ మర్యాద చెన్నపట్టణమునకును వచ్చెను.

చీటి చిన్నది, పేరు కుదించుట తప్పదయ్యెను. ఇచ్చటనే తెలుగువారికొక చిక్కు కలిగెను. తమిళుల వాడుకలో పేరునకు ముందున్న పొడియక్షరము సామాన్యముగా తండ్రిపేరునకు గుర్తు. మనకది ఇంటిపేరునకు గుర్తు. చూచువారు దానిని తండ్రిపేరుగనే గ్రహింతురు. మూడు తరములు గడచునప్పటికి ఆ యక్షరము వెనుకనున్న మాట ఇంటివారికే తెలియకపోవుటయు కలదు.

పిట్టి త్యాగరాయచెట్టిగారు (1852–1925) 1916లో జస్టిసు పక్షమును స్థాపించినవారిలో నొకరు. వారి పేర వెలసిన త్యాగరాయనగరము నేడు జనుల నోట ‘టి. నగర్’ అయినది. ‘పిట్టి’ మొదటనే పోయెను. ‘త్యాగరాయ’ సైతము ఒక్క యక్షరముగా మిగిలెను.

ఇందుకు భిన్నమైనది వావిళ్లవారి చరిత్ర. రామస్వామిశాస్త్రులుగారు 1854లో ఈ నగరమున ముద్రణాలయమును నెలకొల్పిరి. కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారి కాలమున ‘వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్’ అను పేరు తెలుగునాట ఇంటింటికిని చేరెను. గ్రంథము కొనువారు ‘వావిళ్లవారి ప్రతి’ యని కోరి తీసికొనుచుండిరి. ఇంటిపేరే పాఠశుద్ధికి పూచీ యయ్యెను. ఆ ముఖపత్రమే వారి పేరుచీటి.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి మార్గము మరియొకటి. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. 1914లో ఆంధ్రపత్రికను చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రిక గావించిరి. ఇచ్చు చేయియే ఆయన పరిచయము.

కావున కార్డు అచ్చు వేయించుకొను యువకులకు మా మనవి యొక్కటి. రంగులును బంగారుపూతయు క్షణకాలము కన్నులను ఆకర్షించును. మనస్సున నిలుచునది మాట. ఒకవైపు ఇంగ్లీషో తమిళమో యున్నను, రెండవవైపు తెలుగులిపిలో ఇంటిపేరును పూర్తిగా వేయింపుడు. చుట్టును తెల్లని చోటు విడువుడు. పుచ్చుకొన్నవారు “ఈ మాటకు అర్థమేమి?” అని అడిగినచో పరిచయము అచ్చటనే మొదలగును. బదులు చెప్పుటకై మన బిడ్డలు ఇంటి పెద్దలను అడుగవలసి వచ్చును. ఆ లాభము వ్యాపారలాభమునకు తీసిపోవునది కాదు.