కొలువు మారిన సుబ్బారావుగారు



సాయంత్రం ఇల్లు చేరిన మగవారు చెప్పులు విప్పకముందే "ఎంత చాకిరీ చేసినా ఆ ఆఫీసులో గుర్తించే నాథుడు లేడు, ఇంకో మంచి చోటు దొరికితే బాగుండును" అనడం మనం వింటూనే ఉంటాం. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళమూ అనుకునే మాటే అది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞాపకం వస్తారు.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స పాఠం చెప్పే దొరగారికి అది కిట్టలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. సర్కారు వైద్యశాఖ కొలువూ దక్కలేదు. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పుకుని, మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మనిధి అండతోనూ ఓడెక్కి, 1923 అక్టోబరులో అమెరికాలో బాస్టన్ చేరారు.

అక్కడ మాత్రం పూలదండలు కాచుకుని ఉన్నాయా? పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తి కడిగారు, ఇక్కడ డాక్టరయిన మనిషి! పగలు హార్వర్డులో చదువు.

తర్వాత అక్కడే జీవరసాయన శాఖలో ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. రక్తంలోనూ, మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో ఇద్దరి పేరుమీదా వెలువడింది. కండరం పనిచేయడానికి కావలసిన శక్తి ఎక్కడిదో తేల్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోనూ, ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోనూ బయటపెట్టారు. ఏ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడనుకోండి. 1930లో డాక్టరేటు వచ్చింది. అయినా స్థిరమైన పదవి మాత్రం రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఏళ్ళ తర్వాత ఇతరులు మళ్ళీ కొత్తగా కనిపెట్టవలసి వచ్చిందనీ, ఫిస్క్ అసూయ వల్లనే అవి వెలుగు చూడలేదనీ, దగ్గర నుంచి చూసిన హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. కనుక ఇది గిట్టనివాళ్ళ మాట అని కొట్టిపారేయలేం.

పదిహేడేళ్ళు ఓపిక పట్టి, 1940లో ఆయన హార్వర్డు వదిలి న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లే మందుల కంపెనీలో చేరారు. విశ్వవిద్యాలయం విడిచి వ్యాపారస్థుల దగ్గర చేరడమా అని ముక్కున వేలేసుకునే రోజులవి. ఆ వ్యాపారస్థులే ఆయన్ని పరిశోధనకు అధిపతిని చేశారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళలో జరిగింది చూడండి. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. గర్భిణీలకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. ఆయన సోదరుణ్ణి పొట్టనబెట్టుకున్న స్ప్రూ అనే జబ్బుకు కూడా అది మందే, కాని పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి మింగించే డి.ఇ.సి. బిళ్ళ కూడా అక్కడి పనే. ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. ఫోలిక్ ఆసిడ్‌కు విరుగుడుగా పనిచేసే మందును తయారుచేసి పంపితే, రక్తపు క్యాన్సరు వచ్చిన పసిపిల్లల మీద వాడి ఫలితం చూపించినవాడు డాక్టర్ ఫార్బర్. ఆయన ఉన్నది ఎక్కడనుకున్నారు? బాస్టన్‌లో, ఆ హార్వర్డులోనే!

ఇంత చేసినా ఆయన ముందుకొచ్చి నిలబడేవారు కారు. వ్యాసాల మీద కింది కుర్రవాళ్ళ పేర్లు ఉండేవి. తనకు జరిగింది వాళ్ళకు జరగకూడదనుకున్నారేమోనని నా ఊహ.

మనం అడగవలసిన సంగతి ఇంకొకటుంది. ఆయన భార్య శేషగిరిగారు. భర్తను పై చదువుకు సాగనంపి ఇక్కడే ఉండిపోయారు. ఆయనకు హార్వర్డు కాకపోతే లెడర్లే దొరికింది. ఈమెకు మారడానికి మరో చోటు ఏదమ్మా? 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన పోయారు. పాతికేళ్ళలో ఒక్కసారీ తిరిగి రాలేదు. ఆ కబురు ఆమె ఇక్కడే విన్నారు.