తొమ్మిది మీటర్ల పరీక్ష

తొమ్మిది మీటర్లంటే దాదాపు మూడంతస్తుల మేడ ఎత్తు. అక్కడి నుంచి జారిన వస్తువు కిందికొచ్చేసరికి గంటకు 48 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. హైవే మీద లారీలే అంతకు మించి పోతాయి కదా, వాడేసిన అణు ఇంధనాన్ని మోసే పెట్టెకు ఇదేం పరీక్ష అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. అసలు కీలకం ఎత్తులో లేదు, నేలలో ఉంది. ఇసుకలో పడ్డ కుండ దక్కుతుంది, బండమీద పడ్డది పగులుతుంది. ఈ పరీక్షలో కింద ఉండేది ఏమాత్రం లొంగని బండ: భారీ కాంక్రీటు దిమ్మె, దానిమీద మందపాటి ఉక్కు పలక. దెబ్బంతా పెట్టే భరించాలి. అదీ ఏ మూల తగిలితే ఎక్కువ నష్టమో ఆ మూలే కిందికి ఉండేలా వదులుతారు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో తొలి రవాణా నిబంధనలు తెచ్చింది. ఎత్తు నుంచి పడెయ్యడం, ఉక్కు కడ్డీ మీద పడెయ్యడం, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచడం వంటివి తర్వాతి సవరణలతో స్థిరపడ్డాయి. 1970ల చివర్లో అమెరికాలోని శాండియా ప్రయోగశాల పెట్టెలు ఎక్కించిన లారీలను కాంక్రీటు గోడకు గుద్దించింది, పట్టాలకు అడ్డంగా నిలిపిన లారీని రైలింజనుతో కొట్టించింది.

అయినా జనానికి నమ్మకం కుదరలేదు. బ్రిటన్‌లో ఇంధనం రైళ్లలో, ఊళ్ల మధ్యనుంచే పోయేది. ఆ భయం న్యాయమైనదే. 1984 జులై 17న ఓల్డ్ డాల్బీ పరీక్షా మార్గంలో అక్కడి విద్యుదుత్పత్తి బోర్డు అందరి ఎదుటా ఒక ప్రమాదం జరిపించింది. పట్టాలకు అడ్డంగా ఒక పెట్టె. గోడ మందం అడుగుకు పైగా ఉక్కు. రైలు దాని మూత అంచుకే తగిలేలా ఏర్పాటు. డ్రైవరు లేని ఇంజను మూడు బోగీలతో 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దింది. మంట, పొగ. ఇంజను ముక్కు నుజ్జయింది. పెట్టె లోపల చదరపు అంగుళానికి వంద పౌండ్ల పీడనం నింపి ఉంచారు. తగ్గింది పావు పౌండు చిల్లర.

టీవీలో చూసినవాళ్లకు గుర్తుండిపోయింది ఆ మంటే. కానీ అదే ఏడాది బ్రిటన్‌లోనే చెడ్డార్‌లో అలాంటి పెట్టెనే తొమ్మిది మీటర్ల నుంచి పడేసినప్పుడు తగిలిన దెబ్బ రైలు దెబ్బకన్నా పెద్దది. నలిగిపోతూ ఇంజనే చాలా శక్తిని తనలో కలుపుకుంది. చెడ్డార్‌లో బండ అలా ఏమీ కలుపుకోలేదు. రైలు గుద్దుడు జనం కళ్లకోసం జరిగింది, అదీ అవసరమే.

2004లో జర్మనీలోని హోర్స్ట్‌వాల్డేలో 200 టన్నుల పెట్టెలను సైతం పడెయ్యగల గోపురం లేచింది. చూసేవాళ్లు తలెత్తి గోపురాన్నే చూస్తారు. దాని కింద నేలలో వేల టన్నుల కాంక్రీటు, పైన జానెడు మందం ఉక్కు పలక ఉన్నాయి.