రూల్ రాత్రికి రాత్రి రాదు: ఆర్‌బీఐ ముందే ఎలా చెబుతుంది, మనకెందుకు వినపడదు?

ఈ ఎపిసోడ్‌ని ఒక తేదీతో మొదలుపెడదాం. 2021 అక్టోబర్ 1. ఆ వారం మీలో చాలామందికి ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయి ఉంటుంది. కార్డ్ నుంచి నెలనెలా తనంతట తానే కట్ అయ్యే డబ్బు కట్ అవ్వలేదు. నేనప్పుడు ఉద్యోగంలో ఉన్నాను. మా టీమ్ గ్రూప్‌లో అందరిదీ ఒకటే మాట: "ఇదేంటి బాస్, ఆర్‌బీఐ సడన్‌గా రూల్ పెట్టేసింది?"

సడన్‌గానా? ఆ సర్క్యులర్ తేదీ 2019 ఆగస్ట్ 21. అంటే రెండేళ్ళకు పైనే అయింది. కార్డ్ నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవాలంటే 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ పంపాలి, ఒక పరిమితి దాటితే ప్రతిసారీ మళ్ళీ అనుమతి అడగాలి అని అందులో ఉంది. ఆ పరిమితి మొదట 2,000 రూపాయలు, తర్వాత 5,000 చేశారు. 2021 మార్చి 31న గడువు ముగియాల్సి ఉంటే, కంపెనీలూ బ్యాంకులూ రెడీగా లేవని ఇంకో ఆరు నెలలు పెంచారు. ఇంత జరిగాక కూడా మనకు అది 'సడన్'గానే వచ్చింది.

రూల్స్ పెట్టేవాళ్ళు మనకు ముందుగా ఎలా చెబుతారు? ఆ అలవాటు ఎప్పుడు మొదలైంది? చెప్పినా మనదాకా ఎందుకు రాదు? ఇవాళ్టి కథ ఇదే. ఇందులో మన తెలుగువాళ్ళు ఇద్దరున్నారు, మన హైదరాబాద్ కూడా ఉంది.

ముందు పాత రోజులకి వెళ్దాం. చాలా ఏళ్ళపాటు ఆర్‌బీఐ క్యాలెండర్ అంటే పంటల క్యాలెండరే. ఏడాదిలో రెండు సీజన్లు. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా 'బిజీ సీజన్'. ఖరీఫ్ పంట మార్కెట్‌కి వచ్చే టైమ్ కదా, వరి, పత్తి, వేరుశనగ కొనడానికి వ్యాపారులకు బోలెడు అప్పు కావాలి. మే నుంచి అక్టోబర్ దాకా 'స్లాక్ సీజన్', అంటే కొంచెం ఖాళీ టైమ్. అందుకే క్రెడిట్ పాలసీ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి వచ్చేది. బ్యాంకులు ఎంత డబ్బు పక్కన పెట్టాలి, ఎవరికి ఎంత అప్పివ్వొచ్చు, అన్నీ అందులోనే. అది మాట్లాడేది బ్యాంకులతో. మామూలు జనంతో దానికి పనేం లేదు.

ఇది మన దేశపు తీరు మాత్రమే అనుకోకండి. అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు మార్చామని మీటింగ్ అయిన రోజే బయటకు ప్రకటించడం మొదలుపెట్టింది 1994 ఫిబ్రవరిలో. అంతకుముందు మార్కెట్‌లో జరిగే లావాదేవీలు చూసి, రేటు మారిందేమో అని ట్రేడర్లు ఊహించుకునేవాళ్ళు. సెంట్రల్ బ్యాంక్ అంటే నోరు విప్పకూడదు, ముందే చెబితే పాలసీకి పదును పోతుంది అని అప్పట్లో నమ్మకం.

మన దగ్గర ఇది మెల్లగా మారింది. కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి. రెడ్డి గారు 2003 నుంచి 2008 దాకా గవర్నర్. ఆయన హయాంలో, 2005 నుంచి, ఏడాదికి రెండుసార్లు కాకుండా మూడు నెలలకోసారి సమీక్ష మొదలైంది. ఆయన తర్వాత వచ్చింది దువ్వూరి సుబ్బారావు గారు. ఏలూరులో పుట్టారు, 2013 దాకా గవర్నర్‌గా ఉన్నారు. 2010లో ఆయన త్రైమాసికం మధ్యలో కూడా ఒక సమీక్ష చేర్చారు. 2014 ఏప్రిల్ నుంచి రెండు నెలలకోసారి అయింది. 2016లో ఏకంగా చట్టమే మార్చారు. వడ్డీ రేటు నిర్ణయించేది ఇప్పుడు ఆరుగురు సభ్యుల కమిటీ. ఏడాదికి కనీసం నాలుగు సార్లు కూర్చోవాలి, ఆ ఏడాది మీటింగుల తేదీలన్నీ ముందే ప్రకటించాలి.

రేట్ల సంగతి బాగానే ఉంది. మరి రూల్స్ సంగతేంటి? మన ఫోన్‌లోకి వచ్చేది రెపో రేటు కాదు కదా. ఓటీపీ, కేవైసీ, ఆటోపే, లోన్ యాప్... ఇవన్నీ రూల్స్. వాటికి అలాంటి క్యాలెండర్ లేదు. లేకపోతే ఏమవుతుందో మూడు కథలు చెప్తాను. మూడూ మూడు రకాలు.

మొదటిది 2010, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళల్లో ఆడవాళ్ళకి వారంవారం వాయిదాల మీద అప్పులిచ్చాయి. ఒక్కో ఇంట్లో నాలుగైదు అప్పులు. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు జిల్లాల్లో రిజిస్టర్ చేసుకోవాలి, ఇంటి ముందుకొచ్చి వసూలు చేయకూడదు, వారం వాయిదా కాదు నెల వాయిదా. జనం బాధ నిజం, ఆర్డినెన్స్‌కి కారణం ఉంది. కానీ అది డ్రాఫ్ట్ లేకుండా, సిద్ధమయ్యే టైమ్ లేకుండా వెంటనే అమల్లోకి వచ్చింది. వసూళ్ళు కుప్పకూలాయి. ఆ కంపెనీలకు డబ్బిచ్చిన బ్యాంకులు చేతులు ముడుచుకున్నాయి, వేరే రాష్ట్రాల్లో కూడా కొత్త అప్పులు తగ్గిపోయాయి. ఆర్‌బీఐ వై.హెచ్. మాలెగాం గారి నాయకత్వంలో కమిటీ వేసింది. 2011 జనవరిలో రిపోర్ట్ వచ్చింది, ఆ డిసెంబర్‌లో ఈ కంపెనీల కోసం విడిగా ఒక కేటగిరీ, విడిగా రూల్స్ వచ్చాయి. అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశం లేని ఆడవాళ్ళు కూడా కొత్త అప్పు దొరక్క మళ్ళీ పాత వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. చెప్పకుండా వచ్చిన రూల్ ఖరీదు అది.

రెండోది దీనికి పూర్తిగా రివర్స్. 2020 చివర, లోన్ యాప్‌లు. కరోనా టైమ్, జీతాలు లేవు. మా రూమ్మేట్ ఒకడు ఏదో యాప్‌లో ఐదు వేలు తీసుకున్నాడు. యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్‌కి పర్మిషన్ అడిగితే నొక్కేశాడు. గడువు దాటిన మూడో రోజుకి ఊళ్ళో వాళ్ళ మేనమామకి మెసేజ్ వెళ్ళింది, వీడి ఫొటో పెట్టి 'దొంగ' అని. వాడు రెండు రోజులు గదిలోంచి బయటకు రాలేదు. మా వాడు బయటపడ్డాడు, అందరూ పడలేదు. తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఆ డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు మొదలుపెట్టారు.

అప్పుడు ఆర్‌బీఐ ఏం చేసింది? 2020 డిసెంబర్ 23న జనానికి హెచ్చరిక. 2021 జనవరి 13న వర్కింగ్ గ్రూప్. నవంబర్‌లో ఆ గ్రూప్ రిపోర్ట్ వెబ్‌సైట్‌లో పెట్టి, డిసెంబర్ ఆఖరు దాకా అందరి అభిప్రాయాలు అడిగారు. 2022 సెప్టెంబర్ 2న మార్గదర్శకాలు. లోన్ డబ్బు నేరుగా మన బ్యాంక్ ఖాతాలోనే పడాలి. మొత్తం ఖర్చెంతో ఒక కాగితంలో స్పష్టంగా చూపించాలి. కొన్ని రోజుల్లో వద్దనుకుంటే అప్పు వెనక్కి ఇచ్చేయొచ్చు. కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫొటోల జోలికి యాప్ వెళ్ళకూడదు. పాత లోన్లకు కూడా ఇవి వర్తించేలా సిస్టమ్స్ మార్చుకోవడానికి నవంబర్ 30 గడువు.

రూల్స్ మంచివే. పద్ధతి ప్రకారమే వచ్చాయి. కానీ వర్కింగ్ గ్రూప్ వేసిన రోజు నుంచి లెక్కేసుకుంటే దాదాపు 20 నెలలు. పైగా ఈ రూల్ కట్టడి చేసేది ఆర్‌బీఐ కింద ఉన్న బ్యాంకుల్ని, ఫైనాన్స్ కంపెనీల్ని, వాటితో కలిసి పనిచేసే యాప్‌లని. ఏ లైసెన్సూ లేని దొంగ యాప్‌కి డ్రాఫ్టూ లేదు, గడువూ లేదు. అందరినీ అడిగి రూల్ రాస్తుంటే ఆ టైమ్‌కి కూడా ఒక ఖరీదు ఉంటుంది. దాన్ని ఎక్కువగా కట్టేది మా రూమ్మేట్ లాంటివాళ్ళు.

మూడో కథ చిన్నది. ఇంజనీర్లకి బాగా నచ్చుతుంది, అంటే ఏడుపు వస్తుంది. షాపింగ్ సైట్లు మన కార్డ్ నంబర్ దాచుకోకూడదు, బదులుగా ఒక టోకెన్ వాడాలి. ఈ మాట 2020 మార్చిలో చెప్పారు. గడువు మొదట 2021 జూన్ 30. తర్వాత డిసెంబర్ 31. ఆ గడువుకి వారం ముందు, డిసెంబర్ 23న, ఇంకోసారి పెంచి 2022 జూన్ 30 అన్నారు. దానికి ఆరు రోజుల ముందు మళ్ళీ పెంచి సెప్టెంబర్ 30 అన్నారు. చివరికి అక్టోబర్ 1న అమలైంది. రాత్రుళ్ళు మేలుకుని టైమ్‌కి కోడ్ రెడీ చేసినవాడు పిచ్చోడయ్యాడు. 'ఎలాగూ పెంచుతారులే' అని కూర్చున్నవాడు తెలివైనవాడయ్యాడు. గడువు మూడుసార్లు జరిగితే నాలుగో గడువుని ఎవరు నమ్ముతారు?

ఈ మూడు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో చెప్పకుండా చేశారు. రెండోదాంట్లో అడిగి అడిగి చేశారు, ఆలస్యమైంది. మూడోదాంట్లో చెప్పారు, చెప్పిన తేదీ మీద నిలబడలేదు. నాకు అర్థమైంది ఇది: రూల్‌లో రాసిన మాట ఎంత ముఖ్యమో, అది ఎప్పుడొస్తుందో చెప్పే తేదీ కూడా అంతే ముఖ్యం. తేదీ కూడా రూల్‌లో భాగమే.

ఈ మాట పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారు. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ గారి కమిషన్ 2013లో ఇచ్చిన రిపోర్ట్‌లో, ఫైనాన్స్ రెగ్యులేటర్ ఎవరైనా సరే ముందు డ్రాఫ్ట్ బయట పెట్టాలి, లాభనష్టాలు లెక్క చూపాలి, జనం మాట వినాలి అని సిఫార్సు చేసింది. బ్రిటన్‌లో అయితే 2020 మే నుంచి ఒక పెద్ద పట్టికే వేస్తున్నారు. పేరు 'రెగ్యులేటరీ ఇనిషియేటివ్స్ గ్రిడ్'. అక్కడి రెగ్యులేటర్లందరూ కలిసి, రాబోయే కాలంలో ఏ రూల్ మీద పని జరుగుతుంది, ఏ త్రైమాసికంలో అభిప్రాయాలు అడుగుతారు, ఎప్పుడు అమలవుతుంది అని ఒకేచోట చూపిస్తారు. మన ఆఫీసుల్లో ప్రొడక్ట్ రోడ్‌మ్యాప్ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే అన్నమాట.

మన దగ్గర అలాంటి ఒకే పట్టిక లేదు గానీ, ముక్కలు ముక్కలుగా ఉంది. ఆర్‌బీఐ వార్షిక నివేదిక తెరవండి. ఈ మధ్య అది మే చివర్లో వస్తోంది. ప్రతి విభాగం కిందా పోయిన ఏడాది ఏం చేస్తామన్నారో, ఎంతవరకు చేశారో, వచ్చే ఏడాదికి ఎజెండా ఏంటో రాసి ఉంటుంది. చెప్పిన పని, చేసిన పని పక్కపక్కనే. ఇక 2025 మే 7న ఆర్‌బీఐ తన కోసం తనే ఒక పద్ధతి ప్రకటించింది. రూల్ తెచ్చే ముందు డ్రాఫ్ట్ పెట్టాలి, జనానికి కనీసం 21 రోజులు ఇవ్వాలి, వీలైనంతవరకు ప్రభావం ఎలా ఉంటుందో చూడాలి, వచ్చిన అభిప్రాయాలకు తన స్పందన చెప్పాలి. అత్యవసరమైతే మినహాయింపు ఉంది. లోన్ యాప్ కథ విన్నాక ఆ మినహాయింపు ఎందుకుండాలో మీకు తెలుసు. మైక్రోఫైనాన్స్ కథ విన్నాక దాన్ని ఎంత జాగ్రత్తగా వాడాలో కూడా తెలుసు.

సరిగ్గా జరిగితే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. మన ఓటీపీ. 2024 ఫిబ్రవరి పాలసీ రోజున, ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కటే కాకుండా వేరే మార్గాలకు కూడా ఒక విధానం తెస్తామని ఒక్క పేరాలో చెప్పారు. జూలైలో డ్రాఫ్ట్. 2025 సెప్టెంబర్ 25న అసలు రూల్. అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. అందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది: ఈ రూల్ పాటించకుండా జరిపిన లావాదేవీ వల్ల మనకు నష్టం వస్తే, కార్డ్ గానీ ఖాతా గానీ ఇచ్చిన సంస్థ ఆ మొత్తం కట్టాలి. ఇది తెలిసినవాడు బ్యాంక్‌లో గట్టిగా అడుగుతాడు. తెలియనివాడు 'పోయిందిలే' అని ఊరుకుంటాడు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ 21 రోజుల్లో డ్రాఫ్ట్ చదివేదెవరు? బ్యాంకుల లీగల్ టీమ్‌లు, కంపెనీల పాలసీ టీమ్‌లు, వాళ్ళ సంఘాలు. వాళ్ళ పనే అది, తప్పేం లేదు. కానీ ఐదు వేల లోన్ తీసుకుని మూడు రోజులు ఆలస్యమైనవాడు ఆ డ్రాఫ్ట్‌కి ఒక్క లైన్ కూడా రాయడు. అది ఇంగ్లీష్‌లో, నలభై పేజీల పీడీఎఫ్‌లో ఉంటుంది, అది వచ్చిందని కూడా వాడికి తెలీదు. ముందే చెప్పడం అంటే వెబ్‌సైట్‌లో పెట్టడం ఒక్కటే కాదు, ఎవరికి తగులుతుందో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం. ఆ పని ఇంకా సగమే అయింది.

మిగతా సగంలో మన వంతు కూడా కొంచెం ఉంది. ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో 'కనెక్ట్ టు రెగ్యులేట్' అని ఒక విభాగం ఉంది, డ్రాఫ్టుల మీద అభిప్రాయాలు అక్కడే రాయొచ్చు. లాయర్ భాష అక్కర్లేదు. 'నాకు ఇలా జరిగింది, ఈ రూల్ ఉంటే జరిగేది కాదు' అని రాస్తే చాలు. రెండు నెలలకోసారి పాలసీ రోజున టీవీలన్నీ రెపో రేటు గురించే అరుస్తాయి. అదే రోజు, ఆ పక్కనే, ఇంకో ప్రకటన వస్తుంది, రాబోయే రూల్స్ గురించి. నాలుగైదు పేజీలే. మీ ఫోన్‌లో రేపు ఏం మారుతుందో చాలాసార్లు అందులోనే ముందుగా కనబడుతుంది.

ఈసారి ఏదైనా ఆగిపోయి, గ్రూప్‌లో ఎవరైనా 'సడన్‌గా రూల్ పెట్టేశారు' అంటే, ఆ సర్క్యులర్ తేదీ ఒక్కసారి వెతికి చూడండి. ఎన్ని నెలల ముందుదో కామెంట్స్‌లో రాయండి, నేను కూడా చదువుతాను. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.