బేగంపేట దోమ, క్లాంగ్ దోమ, మన ఇంటి దోమ

కిందటి వానల్లో మన సంఘ సభ్యులలో ఒకరి అమ్మాయికి డెంగీ జ్వరం వచ్చి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. అమ్మాయి కోలుకొని ఇల్లు చేరింది గనుక ఈ మాట ఇప్పుడు నిశ్చింతగా రాయగలుగుతున్నాము. ఆ వారం రోజులూ చూడబోయినవారమందరమూ ఒకే పాట పాడాము: ఇంటిముందు మురుగు కాలువ ఎవరూ బాగుచేయించరు, అందుకే ఈ జ్వరాలు అని. తరువాత ఆరోగ్యశాఖ ఉద్యోగి ఒకాయన టార్చిలైటు పట్టుకొని ఇల్లంతా చూశాడు. కాలువకేసి ఒకసారి చూసి ఊరుకున్నాడు. పెరట్లో కరివేపాకు కుండీ కింద పెట్టిన పళ్ళెం దగ్గర మాత్రం కూర్చున్నాడు. అరచేతి లోతు కూడా లేని ఆ నీళ్ళలో దోమ లార్వాలు గిలగిల తిరుగుతున్నాయి. ఆ ఇంటి బామ్మగారు ఆశ్చర్యపోయి, "అది నేను రోజూ పోసే మంచినీళ్ళే కదు నాయనా!" అన్నారు. మంచినీళ్ళు కాబట్టే అక్కడ పెరిగాయన్నాడాయన.

ఏ దోమ ఏ నీటిలో పుడుతుందో తెలియక మనము తప్పు చోట వెతికాము. మనమే కాదు, మహామహులే వెతికారు. ఆ చరిత్రలో మొదటి ఘట్టం మన సికింద్రాబాదులోను, రెండవది మనము ఇప్పుడు కాపురముంటున్న ఈ దేశంలోను జరిగినందున, దానిని మన పాఠకులతో పంచుకోవాలని సంకల్పించాము.

రోనాల్డ్ రాస్ 1857లో ఆల్మోరాలో పుట్టి, భారత సైనిక వైద్యశాఖలో చేరాడు. 1883లో బెంగుళూరులో ఉండగా తన బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయని గమనించి, కిటికీ బయట ఉన్న తొట్టిలో లార్వాలు చూసి, ఆ తొట్టిని బోర్లించాడు. దోమలు తగ్గాయి. అప్పటికి దోమకూ మలేరియాకూ సంబంధం ఉన్నదని ఎవరూ నిరూపించలేదు. 1895లో సికింద్రాబాదుకు వచ్చిన తరువాత ఆయన రెండేళ్ళపాటు మలేరియా రోగులను దోమలచేత కుట్టించి, ఆ దోమలను సూక్ష్మదర్శిని కింద కోసి చూశాడు. ఏమీ కనబడలేదు. కారణం మనకు ఇప్పుడు తెలుసు. ఆయన ఎక్కువగా పట్టినవి ఇంటి చుట్టూ సులువుగా దొరికే దోమలు. అవి మలేరియాను మోసేవి కావు.

1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలున్న మరో రకం దోమలు ఆయన చేతికి చిక్కాయి. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకొని వాటికి తన చెయ్యి ఇచ్చాడు. ఆగస్టు 20న బేగంపేటలో అటువంటి ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి రాస్‌కు కనబడింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియామీద పనిచేసి, ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సంక్రమిస్తుందని చూపాడు. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆగస్టు 20ని నేటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు. బేగంపేట గుండా బస్సులో ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో, ఆ భవనంకేసి తల తిప్పి చూసినవారము మనలో ఎందరము?

ఇక ఇక్కడి కథ. 1901లో మాల్కం వాట్సన్ అనే యువవైద్యుడు క్లాంగ్‌లో ప్రభుత్వ వైద్యాధికారిగా చేరాడు. ఆ ఏడు సెప్టెంబరులో పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవు తెరిచారు. 1972 నుండి దానినే పోర్ట్ క్లాంగ్ అంటున్నాము. రేవు తెరవగానే పనివారు మలేరియాతో మంచాన పడ్డారు. రేవును మూసివేద్దామన్న మాట కూడా వచ్చింది. వాట్సన్ రాస్ పరిశోధన చదివినవాడు. చిత్తడి నేలలలోని నీరు తీయించి, ఊరిచుట్టూ అడవి కొట్టించాడు. రెండు మూడేళ్ళలో ఆ రెండు ఊళ్ళలోను మలేరియా బాగా తగ్గిపోయింది. ఒక పట్టణంలో దోమ పుట్టుకను అరికట్టి జ్వరాన్ని తగ్గించిన తొలి విజయాలలో ఇదొకటి.

ఇంతటితో ఆగితే కథ సుఖాంతమయ్యేది. సముద్రతీరపు పల్లపు నేలలో ఫలించిన ఉపాయాన్నే కొండవాలు రబ్బరు తోటలలోను ప్రయోగించారు. అడవి కొట్టారు, నీడ తీశారు. అక్కడ మలేరియా తగ్గకపోగా విజృంభించింది. వాట్సన్ దోమలను పట్టి, లార్వాలను రకాలవారీగా వేరుచేసి చూడగా రహస్యం బయటపడింది. పల్లపు అడవిలో మలేరియా మోసే దోమ నీడలో నిలిచిన నీటిలో పుడుతుంది. చెట్టు కొడితే అది పోతుంది. కొండల్లో మలేరియా మోసే దోమకు ఎండపడే తేటనీటి ఊటలే ఇష్టం; చెట్టు కొడితే దానికి తొట్టి కట్టి ఇచ్చినట్టే! ఒకచోట మందైనది మరొకచోట విషమైంది. ఆపైన కొండలలో ఊటనీటిని భూమిలోపలి గొట్టాలలోకి మళ్ళించడం, నీటిమీద నూనె చల్లడం వంటి వేరే పద్ధతులు వచ్చాయి. ఏ రకం దోమ రోగం మోస్తుందో తెలుసుకొని దాని పుట్టుకను మాత్రమే అడ్డుకొనే ఈ విధానం తరువాత డచ్చి శాస్త్రజ్ఞుడు స్వెలెన్‌గ్రెబెల్ రచనల వల్ల శాస్త్రంగా స్థిరపడింది.

ఆ తోటలలో ఎవరు పనిచేశారో మనకు వేరే చెప్పనక్కరలేదు. తమిళులతోపాటు గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుండి వచ్చిన మనవారు కూడా అక్కడ ఉన్నారు. డిగ్రీలు చేతబట్టుకొని విమానంలో దిగిన మనము, ఓడ దిగి ఆ లయముల్లో జ్వరంతో వణికినవారిని తలుచుకోవడం కనీస ధర్మమని మేము భావిస్తున్నాము. దోమ జాతి పొరపడితే దాని ఖరీదు చెల్లించినవారు వారే.

అడవిలోనే కాదు, మహానగరంలోను మలేరియా ఉండగలదని బొంబాయి చూపింది. 1901లో లిస్టన్ వర్ణించిన అనాఫిలిస్ స్టీఫెన్సై అనే దోమ ఇంటి బావులలోను నీటితొట్లలోను పెరుగుతుంది. 1911లో బెంట్లీ ఇచ్చిన నివేదిక బొంబాయి మలేరియాకు నగరంలోని బావులను వేలెత్తి చూపింది. బావులు పూడ్చమంటే, పూజకు బావినీరే కావాలన్నవారు అభ్యంతరం చెప్పారు. శాస్త్రం ఒక్కటే చాలదు, ఇల్లాలి ఒప్పుదల కూడా కావాలన్నమాట. అదే దోమ నేడు మన ఊళ్ళలో మేడమీది టాంకులలో పుడుతున్నది. 2012లో ఆఫ్రికా ఖండంలోని జిబూటీలో కనబడి, తరువాత ఇథియోపియా పట్టణాలకూ చేరింది. అక్కడి పాత దోమలు పల్లెలవి. ఇది పట్నవాసపు దోమ.

మనకు జ్వరం తెచ్చినది వీటిలో ఏదీ కాదు. డెంగీని మోసే ఈడిస్ దోమ నల్లటి ఒంటిమీద తెల్లచారలతో ఉంటుంది, పగటిపూట కుడుతుంది, ఇంటిలోపలా ఇంటిచుట్టూ ఉన్న తేటనీటిలో గుడ్లు పెడుతుంది. మురుగు కాలువలో పెరిగేది క్యూలెక్స్. మన కోస్తా జిల్లాలలో బోదకాలు తెచ్చినది అదే. కాలువ శుభ్రం చేయించుకోవాలి, సందేహం లేదు. కాని దానివల్ల డెంగీ తగ్గదు.

పొరుగున ఉన్న సింగపూరు ఈ ఈడిస్ దోమను ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టింది. 1960 దశకంలో సర్వేలు చేసి, నూరు ఇళ్ళలో ఎన్నింట లార్వాలు ఉన్నాయో చూసి, 1968లో చట్టం తెచ్చి, ఆ సంఖ్యను 1970 దశకం నాటికి సుమారు రెండుకు దించింది. దాదాపు 15 ఏళ్ళు డెంగీ అణగి ఉన్నది. తరువాత, ఇళ్ళలో లార్వాలు తక్కువగానే ఉన్నా, జ్వరం తిరిగి వచ్చింది. చాలాకాలం రోగం సోకనందున ప్రజలలో నిరోధకశక్తి తగ్గిందని, జనం ఇంటి బయట బడులలో, పనిచోట్లలో కూడా దోమకాటు తింటున్నారని పరిశోధకులు వివరించారు. అందుచేత ఇప్పుడు లార్వాలతో సరిపెట్టక, గుడ్లు పెట్టడానికి వచ్చే పెద్ద దోమలను కూడా బోనులలో పట్టి లెక్కిస్తున్నారు.

మన కౌలాలంపూరు పరిసరాలలో 2017 నుండి వోల్బాకియా అనే సూక్ష్మజీవి ఉన్న ఈడిస్ దోమలను వదిలారు. ఈ సూక్ష్మజీవి ఉన్న దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. వదిలినచోట్ల డెంగీ సుమారు 40 శాతం తగ్గిందని 2019లో ప్రకటించారు. దోమలను వదలడమేమిటని మనలో కొందరు కంగారుపడ్డ మాట నిజమే. అయితే ఆ పని కూడా ముందు వీధివీధినా దోమలను పట్టి లెక్కించిన తరువాతనే జరిగింది.

పొగ కొట్టే బండి వచ్చినప్పుడు మనము తృప్తిగా కిటికీలు మూసుకుంటాము. ఆ పొగకు ఎగిరే దోమ చస్తుంది, పళ్ళెంలోని లార్వా చావదు. గుడ్డు నుండి దోమ కావడానికి ఈ దేశపు వేడిలో వారం పది రోజులు చాలు. నీరు పారబోస్తే సరిపోదు. నీటి అంచున అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా బతికి, మళ్ళీ నీరు తగలగానే పిల్లలవుతాయి. కనుక పళ్ళెం తోమాలి.

ఆ అమ్మాయి వాళ్ళ బామ్మగారు ఇప్పుడు ప్రతి శుక్రవారం పూజకు ముందు కుండీల కింది పళ్ళాలన్నీ కొబ్బరిపీచుతో తోమి బోర్లిస్తున్నారు. ఆమెను చూసి మేమూ మొదలుపెట్టాము. మొదటి వారం మా పన్నెండు ఇళ్ళలో ఐదింట లార్వాలు దొరికాయి. వచ్చే సంచికలో ఆ లెక్క మళ్ళీ రాస్తాము; మీ వీధి లెక్క కూడా రాసి పంపవలసిందిగా కోరుతున్నాము.